ముందు తమరు

లాగ్ 1. జూన్ 16, బుధవారం

ఇది నోటుపుస్తకంలో, పెన్నుతో, తెలుగులో రాస్తున్నాను. ఈ మూడూ నాకు సరిగ్గా రావు. మా స్కూల్లో అంతా ఇంగ్లీషే, అదీ నోటితో చెబితే టేబులే రాసేసుకుంటుంది. కానీ కొత్తలంకలో టేబుల్‌కి ఒక మాట చెబితే ఫ్యానుకి తెలుస్తుంది. ఫ్యానుకి తెలిస్తే బండికి తెలుస్తుంది. బండికి తెలిసిందంటే ఇక వీధిలో ప్రతి బండికీ తెలిసినట్టే. పెన్నుకి మాత్రం ఎవరితోనూ కబుర్లు చెప్పడం రాదు. అందుకని పెన్ను.

విషయం ఏమిటంటే, నేను ఒక నేరం చేశాను.

మా తాతయ్య వేమూరి ఫణీంద్ర ఒకప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ డెవలపర్. ఇప్పుడు డెబ్భై తొమ్మిదేళ్ళు. ఉద్యోగం మానేసి ఇరవై ఏళ్ళైంది కానీ అభిప్రాయాలు మానలేదు. టెక్నాలజీ మీద, బండ్ల మీద, కమిటీ పెట్టే రూల్స్ మీద రోజుకొకటి తప్పకుండా ఉంటుంది. మా ఊళ్ళో డెవలపర్ లైసెన్స్ ఉన్నవాళ్ళు ఎవరైనా సలహా గోడ మీద అభిప్రాయం పెట్టొచ్చు, కోడ్‌తో సహా. దానికి మూడువేల మంది 'సరే' కొడితే దారుల కమిటీ దాన్ని నలభై రోజుల ట్రయల్ కింద ఊళ్ళో బండ్లన్నిటిలోకీ ఎక్కిస్తుంది. తాతయ్యకి వేళ్ళు వణుకుతాయి. అందుకని ఆయన చెబుతాడు, ఆయన పాత కీబోర్డు మీద నేను టైపు చేస్తాను.

ఏడు నెలల్లో రెండు వందల పన్నెండు అభిప్రాయాలు పెట్టాం. అన్నిటికీ కలిపి ముప్ఫై ఒక్క 'సరే'లు వచ్చాయి. అందులో సగం మా అమ్మవి.

"హారన్ అంటే ఎర్రర్ మెసేజ్. తప్పేమిటో చెప్పదు, ఊరికే అరుస్తుంది. హారన్ కొట్టే బండి కారణం కూడా చెప్పాలి." దీనికి ఒకటి.

"ఏ రూలైనా పెట్టేముందు దాన్ని ఎలా తీసెయ్యాలో రాసి జేబులో పెట్టుకోవాలి." దీనికి రెండు.

"శుక్రవారం సాయంత్రం అప్‌డేట్ పెట్టినవాణ్ణి శనివారం ఊరేగించాలి." దీనికి సున్నా.

రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని "ఎన్ని వచ్చాయే?" అని అడుగుతాడు. "ఇంకా లెక్కపెడుతున్నారు తాతయ్యా" అంటాను. ఆయన నిజంగానే కమిటీవాళ్ళు కూర్చుని లెక్కపెడుతున్నారనుకుని తల ఊపుతాడు. ఆ తల ఊపడం చూడలేకపోయాను. అందుకే సోమవారం మధ్యాహ్నం ఆయన పడుకున్నప్పుడు, ఆయన పేరు మీద, నా సొంత అభిప్రాయం ఒకటి రాసి పెట్టేశాను.

ఐడియా పక్కింటివాళ్ళ గృహప్రవేశం భోజనాల్లో వచ్చింది. మా వైపు వడ్డించేవాళ్ళు గారె పట్టుకొస్తే వెంటనే తీసుకోకూడదు. రెండుసార్లు "వద్దండి, చాలండి" అనాలి. వాళ్ళు బతిమాలాలి. మూడోసారి "సరే, మీ మాట కాదనలేక" అని తీసుకోవాలి. మొదటిసారే తీసుకుంటే కక్కుర్తి, మూడోసారి కూడా వద్దంటే పొగరు. మనుషులకి ఇంత మర్యాద ఉన్నప్పుడు బండ్లకెందుకు ఉండకూడదు? జంక్షన్లో రెండు బండ్లు ఎదురుపడితే ఒకదాన్నొకటి "ముందు తమరు వెళ్ళండి" అనాలి. ఎదుటి బండి మూడుసార్లు బతిమాలాకే కదలాలి. అంతే. పన్నెండు లైన్ల కోడ్. ఏదో నలభై యాభై 'సరే'లు వస్తే తాతయ్య ఒక్క రోజు సంతోషంగా ఉంటాడనుకున్నాను.

ఇవాళ్టికి మూడువేల నాలుగు వందల పన్నెండు వచ్చాయి.

వాళ్ళు చెప్పింది టైపు చెయ్యొచ్చు కానీ, ఇంకొకరి లైసెన్స్ మీద సొంత కోడ్ రాస్తే శిక్ష ఏడేళ్ళు కీబోర్డు బంద్. నాకిప్పుడు పదహారు. బయటికి వచ్చేసరికి ఇరవై మూడు, అంటే దాదాపు ముసలితనం.

ఈ పుస్తకం బియ్యం డబ్బాలో పెడుతున్నాను.

లాగ్ 2. జూన్ 19, శనివారం

దారుల కమిటీ ఛైర్మన్ పుల్లంరాజు గారు మా ఇంటికి వచ్చారు. స్వయంగా. పూలదండతో.

"ఆయ్, ఫణీంద్ర గారూ! ఏం అభిప్రాయమండి బాబూ అది! గారెల పంక్తి తీసుకొచ్చి రోడ్డు మీద కూచోబెట్టేసేరు కదండీ!"

తాతయ్య దండ మెడలో వేయించుకుని "గారెలా?" అన్నాడు.

"అదేనండి, మూడుసార్లు బతిమాలడం. సోమారం పెట్టేరు కదండి. మా ఆవిడైతే రెండుసార్లు చదివించుకుందండి. గురువారం నుంచి ట్రయల్. తమలాంటి పెద్దలు ఊళ్ళో ఉండడం మా అదృష్టవండి."

తాతయ్య నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. గోడ మీద ఏమీ లేదు.

"ఆఁ... అవునండి," అన్నాడు తాతయ్య మెల్లగా. "అన్నాను."

నేను ఎదురుచూసింది వేరు. "ఇది నా రాత కాదే, ఎవరు రాశారు?" అని అరుస్తాడనుకున్నాను. అప్పుడు నవ్వుతూ ఒప్పుకోవచ్చనుకున్నాను. పుల్లంరాజు గారు వెళ్ళాక ఆయన దండ తీసి ఒళ్ళో పెట్టుకుని అడిగాడు. "మిహీ, సోమవారం నేనేం చెప్పానే నీకు?"

అప్పుడే చెప్పెయ్యాల్సింది. కానీ పైన ఫ్యాను తిరుగుతోంది. ఫ్యాను వింటుంది. ఏడేళ్ళు.

"అదే తాతయ్యా... గారెల సంగతి," అన్నాను.

ఆయన చాలాసేపు దండలో పూలు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

లాగ్ 3. జూన్ 26, శనివారం

ట్రయల్ మొదలై రెండు రోజులైంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. నాకు గర్వంగా కూడా ఉంది, అది మరీ భయంగా ఉంది.

మా బండి పేరు సుందరం. మా ఊళ్ళో వీధులు సగం ఏడాది రోడ్లు, సగం ఏడాది కాలవలు. అందుకని బండి కింద చక్రాలూ ఉంటాయి, తెడ్లూ ఉంటాయి (ఇప్పుడింకా చక్రాలే). అది తనే నడుచుకుంటుంది, మనం ఊరికే కూర్చోవాలి. ఇన్నాళ్ళూ జంక్షన్లో హారన్లే హారన్లు. ఇప్పుడు సుందరం గొంతు సవరించుకుని "ముందు తమరు వెళ్ళండి" అంటుంది. జనం కిటికీలు తెరిచి మరీ వింటున్నారు. అప్‌డేట్ ఇంకా సగం బండ్లకే వచ్చింది. రాని బండ్లు మొదటి మాటకే దూసుకుపోతున్నాయి. "కక్కుర్తి బండీ!" అని మా క్లాసు వాళ్ళు వెనక నుంచి అరుస్తున్నారు.

తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చుంటున్నాడు. వచ్చేపోయేవాళ్ళు దణ్ణం పెడుతున్నారు. అయితే ఇవాళ ఆ చొక్కా ఉతకడానికి వేస్తుంటే జేబులో చీటీలు దొరికాయి. వణుకుతున్న చేత్తో రాసినవి.

"ఉదయం 8. ఇడ్లీ తిన్నాను. మూడు."

"10.15. మాత్ర వేసుకున్నాను. వేసుకున్నానని ఇప్పుడే రాశాను."

"సోమవారం 14. గారెలు???"

ప్రశ్న గుర్తులు మూడు. చీటీలు మళ్ళీ ఉతికిన చొక్కా జేబులోనే పెట్టేశాను, అదే వరసలో.

తాతయ్య తనకి మతిమరుపు వచ్చిందనుకుంటున్నాడు.

లాగ్ 4. జూలై 1, గురువారం

నిన్నటితో ఊళ్ళో అన్ని బండ్లకీ అప్‌డేట్ వచ్చేసింది. ఇవాళ పొద్దున ఎనిమిదింటికి ఊరు ఆగిపోయింది.

ఎక్కడా గుద్దుకోలేదు, ఎక్కడా చెడిపోలేదు. రేవు జంక్షన్లో ఒక పాల బండీ ఒక పెళ్ళి బండీ ఎదురెదురుగా నిలబడి యాభై నిమిషాలు "ముందు తమరు" అనుకున్నాయి. పెళ్ళికొడుకు దిగి నడిచి వెళ్ళిపోయాడు. అంబులెన్స్ పడవలకి వేరే కాలవ ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే నేను ఈపాటికి ఎక్కడికైనా పారిపోయి ఉండేదాన్ని.

తప్పు ఎక్కడుందో నాకు రెండో పీరియడ్‌లోనే అర్థమైంది. ఎదుటి బండి ఒప్పుకోకపోతే బతిమాలే లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవ్వాలని రాశాను. ఒక బండికి మర్యాద ఉండి, ఎదుటిదానికి లేకపోతే ఏ ఇబ్బందీ లేదు. రెండూ మర్యాదస్తులైతే ఏదీ ఒప్పుకోదు, లెక్క ఎప్పటికీ మూడుకి చేరదు. పంక్తిలో అయితే గారె చల్లారిపోతుందని ఎవరో ఒకరు లొంగుతారు. బండికి ఆకలి ఉండదు. ఈ ఒక్క సంగతి మర్చిపోయాను.

మా అమ్మ తన్వి పనిచేసేది బండ్ల గదిలోనే, ఊళ్ళో జంక్షన్లన్నీ తెర మీద చూసే ఉద్యోగం. ఇంటికి నడిచి వచ్చి చెప్పులు విడవకుండానే కూలబడింది.

"నలభై ఒక్క జంక్షన్లు నాన్నా. ఒక్క గొడవ లేదు, ఒక్క తిట్టు లేదు. అందరూ ఎంతో గౌరవంగా ఎక్కడివాళ్ళక్కడ ఉండిపోయారు."

"తీసెయ్యండి మరి," అన్నాడు తాతయ్య.

"ట్రయల్ మధ్యలో తీయాలంటే రాసినవాళ్ళే కమిటీ ముందుకి వచ్చి, కోడ్ ఎలా నడుస్తుందో చెప్పి, సరిచెయ్యాలి. రూలు. సోమవారం నిన్ను రమ్మన్నారు."

తాతయ్య కోడ్ కాగితం మీద తీయించుకుని సాయంత్రం దాకా చూశాడు. ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు, చేతులు చాచి దూరంగానూ చూశాడు.

"తన్వీ, ఈ వేరియబుల్‌కి 'గారె' అని పేరుంది. నేను పెట్టానా? ముప్ఫై ఆరేళ్ళు కోడ్ రాశాను. జన్మలో వేరియబుల్‌కి తిండి పేరు పెట్టలేదే."

నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. కుళాయి కూడా వింటుంది, కానీ నీళ్ళ చప్పుడులో దానికి సరిగ్గా వినపడదు.

లాగ్ 5. జూలై 3, శనివారం

అమ్మ తాతయ్యని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది, నడిపించి. స్కాన్‌లో ఏమీ లేదట. వయసుకి తగ్గట్టే, ఇంకా చెప్పాలంటే బాగానే ఉందట. అమ్మ సంతోషపడింది. తాతయ్య పడలేదు.

"బగ్ కనపడలేదంటే లేదని కాదే. వెతికినవాడికి దొరకలేదని. నేను ఎంతమందికి చెప్పాను ఆ మాట!"

తర్వాత వరండాలో ఇద్దరూ మెల్లగా మాట్లాడుకోవడం తలుపు పక్క నుంచి విన్నాను.

"సోమవారం లైసెన్స్ ఇచ్చేస్తానమ్మా."

"నాన్నా, ఒకసారి కమిటీకి ఇస్తే మళ్ళీ ఇవ్వరు."

"ఇవ్వక్కర్లేదు. ఊరంతా నా మాట విని ఆగిపోయింది. ఆ మాట అన్నట్టు నాకే గుర్తు లేదు. రేపు ఇంకేం అంటానో? నేను ఏమన్నా మీరూ నమ్మకండి. నాకే నమ్మకం లేదు."

అమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది.

గురువారం నుంచి ఇంట్లో ఒక్క అభిప్రాయం లేదు. ఫ్యాను కిర్రుమంటున్నా ఫ్యాన్లు చేసేవాళ్ళ గురించి ఏమీ అనలేదు. స్కూలు బస్సులకి కొత్త పన్ను వేశారని వార్త వచ్చినా అనలేదు. నాకు భయమేసి ఎర వేశాను.

"తాతయ్యా, నిన్న సాయంత్రం కూడా ఏదో అప్‌డేట్ పెట్టారంట. నిన్న శుక్రవారం!"

"పెట్టుకోనీ," అన్నాడు.

ఏడేళ్ళ కీబోర్డు బంద్ కూడా నన్ను అంత భయపెట్టలేదు.

లాగ్ 6. జూలై 5, సోమవారం

అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తున్నాను.

పొద్దున పదింటికి కమిటీ. నేనూ వస్తానన్నాను. అమ్మ వద్దంది, తాతయ్య రానీ అన్నాడు. తాతయ్య అంత దూరం నడవలేడు కాబట్టి సుందరం ఎక్కాం. రేవు జంక్షన్ దాకా వెళ్ళాం. ఎదురుగా పుల్లంరాజు గారి బండి వచ్చింది. దాని పేరు మహారాజా. అందులో కమిటీ అంతా ఉంది, మొత్తం ఐదుగురు.

"ముందు తమరు వెళ్ళండి," అంది సుందరం.

"అయ్యయ్యో, తమరుండగా నేనా? ముందు తమరు," అంది మహారాజా.

"అలా అనకండి, తమరు పెద్దలు."

"పెద్దరికం తమది."

పావుగంట గడిచింది. పుల్లంరాజు గారు తలుపు తీసుకుని దిగారు. వెనకాలే కమిటీ దిగింది. చుట్టూ ఆగిపోయిన బండ్లలోంచి జనం కూడా దిగి గుమిగూడారు.

"ఆయ్, ఇది ఇప్పట్లో తేలేలా లేదండి ఫణీంద్ర గారూ. కమిటీ ఇక్కడే పెట్టేద్దాం. ఈ కోడ్ సంగతేంటో కాస్త చెప్పండి బాబూ. మూడు రోజుల్నించి మా ఇంటికి కూర రాలేదండి."

తాతయ్య దిగాడు. ఇస్త్రీ చొక్కా. జేబులోంచి లైసెన్స్ కార్డు తీశాడు, అంచులు అరిగిపోయిన నీలం కార్డు.

"చెప్పలేనండి. రాసింది నా పేరు మీదే ఉంది కానీ నాకు గుర్తు లేదు. నా బుర్ర..." అని ఆగి, మళ్ళీ అన్నాడు. "నా బుర్ర మీద నాకు నమ్మకం పోయిందండి. ఇది తీసుకోండి."

చెయ్యి చాచాడు. పుల్లంరాజు గారి చెయ్యి కూడా ముందుకి వచ్చింది. చుట్టూ ఇరవై బండ్లు, ప్రతి బండికీ చెవులు.

"గారె నాది!" అని అరిచాను.

పుల్లంరాజు గారు అటూ ఇటూ చూశారు. "ఏ గారెమ్మా?"

"కోడ్‌లో గారె. ఆ పన్నెండు లైన్లూ నావి. పద్నాలుగో తారీఖు మధ్యాహ్నం తాతయ్య పడుకున్నప్పుడు రాశాను. ఆయన పేరు మీద నేనే పెట్టాను. ఆయన ఏమీ అనలేదు."

అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. తాతయ్య నా వైపు తిరగలేదు. కార్డు అలాగే గాల్లో ఉంది.

"ఒక్క ముక్క కూడా అనలేదా?"

"లేదు తాతయ్యా."

"గారెల మాట?"

"లేదు."

"నేను అన్నానేమో, నువ్వు మర్చిపోయావేమో?"

"నేను మర్చిపోలేదు. నువ్వూ మర్చిపోలేదు. నీకు గుర్తు లేదంటే అది జరగలేదు కాబట్టి."

అప్పుడు ఆయన సుందరం మెట్టు మీద కూర్చున్నాడు. భుజాలు ఊగుతుంటే ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. రెండూ అనుకుంటా. జేబురుమాలు తీసి ముఖమంతా తుడుచుకుని, కార్డు జేబులో పెట్టేసుకుని, లేచి నా మీదకి వచ్చాడు.

"రెండు వైపులా ఒకే కోడ్ నడిస్తే ఏమవుతుందో చూసుకోవక్కర్లేదటే? దేనితో టెస్ట్ చేశావు?"

"దేనితోనూ లేదు."

"ఊరితో టెస్ట్ చేసిందండీ!" అన్నాడు పుల్లంరాజు గారితో. అది కోపమో గర్వమో నాకు తెలియలేదు. "వేరియబుల్‌కి గారె అని పేరు! అడగాల్సిందండీ ఇంట్లో! ఇంట్లో ఒక డెవలపర్ ఉన్నాడు కదా!"

"తిట్లు తర్వాత తిట్టుకుందురుగానండి, ముందు బండ్లు కదిలించండి," అన్నారు పుల్లంరాజు గారు. కీబోర్డు తెప్పించారు. నేను అలవాటుగా చెయ్యి చాపితే కమిటీలో ఒకావిడ నా చేతి మీద చిన్న దెబ్బ వేసింది. "నువ్వు ముట్టుకోకూడదమ్మా, నేరస్తురాలివి."

తాతయ్యే కూర్చున్నాడు. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం.

"బండ్లకి మర్యాద ఉండడం తప్పు కాదండి," అన్నాడు టైపు చేస్తూనే. ఐదు రోజుల తర్వాత మొదటి అభిప్రాయం. "అందరికీ ఒకే మోతాదులో ఉండడం తప్పు. కాస్త విసుగు కలపాలి. ఒక్కో బండి ఒక్కోసారి ఒక్కో అంకె అనుకోవాలి, ఒకటి నుంచి తొమ్మిది లోపు. అన్ని సెకన్లే ఓపిక పట్టాలి. ఎవరికి ముందు విసుగొస్తే వాళ్ళు వెళ్ళిపోవాలి. ప్రభుత్వాలు కూడా ఓపికకి గడువు రాసుకోవాలండి. గడువు లేని మర్యాద ఎవర్నీ ఇంటికి చేర్చదు."

మూడు లైన్లకి పదకొండు నిమిషాలు పట్టింది. జనం అంతా నిలబడి చూశారు. సుందరం, మహారాజా మాత్రం మానలేదు. "తమరే ముందు," "అబ్బే, తమరే."

తాతయ్య ఆఖరి మీట నొక్కాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"సరేనండి, తమ మాట కాదనలేక," అని మహారాజా ఖాళీగానే కదిలి వెళ్ళిపోయింది.

చప్పట్లు, ఈలలు. పుల్లంరాజు గారు తన బండి వెనకాల "ఒరేయ్, నేను ఎక్కలేదురా!" అంటూ పరిగెత్తారు.

తర్వాత నా సంగతి. రూలు ప్రకారం ఏడేళ్ళు. కానీ మోసపోయినవాళ్ళు ఎంత తగ్గించమంటే అంత తగ్గించొచ్చట. అందరూ తాతయ్య వైపు చూశారు. సున్నా అంటాడనుకున్నాను. నేను ఆయన ముద్దుల మనవరాల్ని.

"ఒక ఏడాది," అన్నాడు.

"తాతయ్యా!"

"ఏడు ఎక్కువ, సున్నా తక్కువ. నువ్వు నన్ను పదహారు రోజులు భయపెట్టావే." ఆ మాట గట్టిగా అనలేదు. నాకొక్కదానికే వినపడేలా అన్నాడు. ఈ రోజు మొత్తం మీద నాకు బాగా తగిలింది అదే.

లాగ్ 7. జూలై 12, సోమవారం

కీబోర్డు బంద్‌లో మొదటి వారం. అమ్మ నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు, ఐదో రోజు తలకి నూనె రాస్తూ మొదలుపెట్టి గంటసేపు తిట్టింది.

తాతయ్య ఇప్పుడు సొంతంగా టైపు చేసుకుంటున్నాడు. నెమ్మది కాబట్టి అభిప్రాయాలు పొట్టివైపోయాయి. నిన్నటిది: "గుంత పూడ్చలేనివాడు బండికి స్ప్రింగ్ అమ్ముతాడు." దానికి ఇప్పటికే ఆరు వందల 'సరే'లు. పొట్టిగా ఉన్నందుకే వచ్చాయని నేనంటాను, ఆయన ఒప్పుకోడు.

ఇవాళ పొద్దున నేను ఇడ్లీ పళ్ళెం తెచ్చి పెడితే తల ఎత్తకుండానే "తన్వీ, కాస్త కారప్పొడి వెయ్యమ్మా" అన్నాడు.

తన్వి అమ్మ. నేను మిహిర.

ఇద్దరం ఆగిపోయాం. ఆయన నా ముఖం చూశాడు. నా ముఖం ఎలా ఉందో నాకు తెలుసు.

"ఇందులో నువ్వేమీ కలపలేదుగా?"

"లేదు తాతయ్యా."

"అయితే ఇది నా సొంతం. అలా చూడకు. మనవరాల్ని కూతురి పేరుతో పిలవని తాతని ఎక్కడైనా చూశావా?"

"చూడలేదు. కానీ నాకు కొంచెం భయమేసింది," అన్నాను. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. వింటే విననీ అనుకున్నాను.

తాతయ్య ఇడ్లీ తుంచి, కారప్పొడిలో అద్దుకుని, నోట్లో పెట్టుకునే ముందు ఆగాడు.

"నాకూ కొంచెం వేసిందిలే," అన్నాడు. "కూర్చో, తిందాం."